జంగయ్య మోటారు ఎక్కని రుక్కమ్మ

గద్వాల నుంచి రుక్కమ్మ నాగర్‌కర్నూలు చేరాలంటే వనపర్తి రోడ్డు స్టేషనులో రైలు దిగి ఒక బస్సు, వనపర్తిలో అది దిగి మరొక బస్సు ఎక్కాలి. ఈ అవస్థ అక్కరలేకుండా స్టేషను ముందే జంగయ్య సొంత మోటారు ఆగి ఉంటుంది. ఎక్కడా మారే పని లేకుండా నేరుగా నాగర్‌కర్నూలులో దింపుతుంది. రుక్కమ్మ మాత్రం అది ఎక్కదు.

ఆమె మగ్గం నేసే ఇంటి కోడలు. తిమ్మాజిపేటలో తండ్రి ఆమెకు విడిచిన ఇంటిని పినతండ్రి కొడుకు లింగయ్య ఆక్రమించుకోగా, నాగర్‌కర్నూలు మున్సిఫు అదాలతులో దావా వేసింది. ప్రతి పేషీకీ ఆలస్యమే. ఈసారి వేళకు వచ్చి వాంగ్మూలం ఇవ్వకపోతే దావా కొట్టివేస్తామని మున్సిఫు హెచ్చరించారు. ఆమెను వెంటబెట్టుకు రమ్మని మా పెద్ద వకీలు నన్ను గద్వాల పంపారు. ధర్మశాస్త్రాలూ శిక్షాస్మృతులూ చదివిన నాకు దక్కిన మొదటి బాధ్యత అది.

రైలు దిగగానే జంగయ్య ఎదురొచ్చాడు. “రా వకీలమ్మా, ముందల సీటు నీదే! అవ్వ రాదులే. ఆమెకు బొగ్గు బస్సు పొగనే ఇష్టం.”

“పొగ నాకు. నీకేం నొప్పి?” అని రుక్కమ్మ మూట చంకనెత్తుకుని సర్కారు బస్సు వైపు నడిచింది.

నేను చెయ్యి పట్టి ఆపాను. “రుక్కమ్మా, ఆలస్యమైతే ఇల్లు పోతది. తెలుసా?”

“తెల్వకనా? ఆ బండి మాత్రం ఎక్క.”

“ఎందుకు?”

“వాని ‘జర’ నాకు పడదు. ముందుగాల జర జరుగవ్వా అంటడు. జరుగుత. జర లెవ్వవ్వా అంటడు. లేస్త. తొవ్వల ఏ పటేలు చుట్టమో చెయ్యెత్తితే జర దిగవ్వా అంటడు. పోయిన వానకాలం గోపాల్‌పేట కాడ దించిండు. పట్టు కండెలన్నీ బురదల పడె. సర్కారు బస్సుల టికెట్టు ఇస్తరు. టికెట్టు ఉన్నదాన్ని ఎవ్వరు లేపరు.”

“ఈ ఒక్క రోజు ఓర్చుకోలేవా?”

“లింగయ్య గూడ గట్లనే అన్నడు. జర జాగ ఇయ్యి అక్కా, పంట దాక ఉండి పోత అన్నడు.”

వాదించే సమయం లేదు. సర్కారు బస్సే ఎక్కాము.

వనపర్తిలో రెండో బస్సు కదలలేదు. యుద్ధం మూలంగా పెట్రోలు కరువై, బస్సు వెనుక బొగ్గుల కొలిమి కట్టి ఆ వాయువుతో నడుపుతున్నారు. ఆ బొగ్గులు ఎంతకీ రాజుకోవు. కండక్టరు చెమటలు కక్కుతూ కొలిమికి గాలి విసిరే యంత్రం తిప్పుతున్నాడు. ఎంతసేపని నిలదీశాను.

“తడి బొగ్గులమ్మా. జర నీ కోపం మీద పెట్టనియ్యి, దెబ్బకు అంటుకుంటయి.”

బస్సంతా నవ్వింది. రుక్కమ్మ కూడా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

అదాలతు చేరేసరికి చప్రాసీ మూడు పిలుపులూ అయిపోయాయి. పెద్ద వకీలు బతిమాలగా మున్సిఫు ఆమెను ముందుకు పిలిచి కారణం అడిగారు. బస్సు ఆలస్యమైందని చెప్పింది. సంగతి అక్కడితో ఆగితే ఇల్లు నిలిచేదే.

“ఇంకో సవారీ లేకుండెనా?”

“ఉండె హుజూర్. ఎక్కలే.”

“ఎందుకు?”

“అండ్ల జర లెవ్వమంటరు.”

అదాలతంతా నవ్వులు. తగిన కారణం కాదని మున్సిఫు దావా కొట్టివేశారు. వాహనం దొరకకపోతే చట్టం మన్నిస్తుంది. దొరికిన వాహనంలో మనిషిని మనిషిగా కూర్చోనివ్వకపోతే అది కారణమే కాదట! మెట్లు దిగుతూ ఎవరిమీద మండిపడాలో తెలియలేదు: ఆమె మీదా, జంగయ్య మీదా, తడి బొగ్గుల మీదా, నేను అంత భక్తితో చదివిన ఆ చట్టం మీదా?

“ఇంక ఇల్లు పోయినట్టేనా అమ్మా?”

“పాలమూరు పెద్ద అదాలతులో అప్పీలు వేద్దాం.”

“అక్కడికి ఎన్ని బండ్లు మారాలె?”

“మారే పని లేదు. గద్వాలలో రైలెక్కితే నేరుగా పాలమూరే.”

“రైల్ల టికెట్టు ఇస్తరు గద. వేళకే వస్త.”

ఎదురుగా జంగయ్య హారను కొట్టాడు. “స్టేషనుకే! వకీలమ్మా, జర జల్ది ఎక్కు!”

రుక్కమ్మ అటు చూడనైనా చూడక సర్కారు బస్సు వైపు నడిచింది. దాని కొలిమి ఇంకా రాజుకోలేదు. పళ్లు కొరుకుతూ ఆమె వెనకే నడిచాను.