మీట పట్టే మనిషి

"ఈసారి కూడా రాకపోతే ఇంక పిలవనయ్యా ఆర్విడ్! నీ దూడలకి నువ్వే ముద్రలేసుకో" అంది మార్లిస్ ఫోనులో. గొంతులో కోపం లేదు, విసుగుంది. ఆవిడది పక్క పశువులదొడ్డి. పక్కదంటే, అమెరికాలోని ఆ మోంటానాలో ఓ కొండెక్కి దిగాలి మరి.

దూడలకు కాల్చి ముద్రలు వేసే రోజున ఒకరి దొడ్డికి ఒకరు గుర్రంతో సహా వెళ్ళడం అక్కడి మర్యాద. కూలి మాటే లేదు. ఇవాళ నువ్వెళితే రేపు వాళ్ళొస్తారు. భార్య వెర్లా పోయాక ఆర్విడ్ స్ట్రోమెన్ రెండేళ్ళుగా ఎవరి దొడ్డికీ పోలేదు. ఓసారి నడుం నొప్పన్నాడు, ఓసారి జలుబన్నాడు. అసలు సంగతేమిటంటే, భోజనాల దగ్గర అందరూ జంటలుగా కూర్చుని, తను రాగానే గొంతులు తగ్గిస్తారు. అది భరించలేడు. అయినా ఈసారి "వస్తాలే" అనేశాడు.

తెల్లారి గుర్రాన్ని ట్రక్కు వెనక తగిలించిన ట్రెయిలర్లో ఎక్కించుకుని, గేటు దగ్గర బ్రేకు నొక్కి చూశాడు. ట్రెయిలరు ఆగకపోగా వెనకనుంచి ట్రక్కునే తోసుకొచ్చింది. దాని బ్రేకులు కరెంటువి, ట్రక్కు నుంచి తీగ గుండా కరెంటు అందితేనే పట్టుకుంటాయి. ఆ కొండ దిగుడులో అవి పట్టకపోతే మనిషీ గుర్రమూ లోయలో తేలాల్సిందే.

గుర్రాన్ని దింపి కట్టేశాడు. ఈ పరీక్ష ఇద్దరి పని. ఒకరు లోపల కూర్చుని స్టీరింగు కింద ట్రెయిలరు బ్రేకుల మీట నొక్కి పట్టాలి, ఇంకొకరు ట్రక్కు వెనక, ట్రెయిలరు తీగ దూర్చే సాకెట్లో టెస్టరు పెట్టి చూడాలి. "వెలిగిందా లేదా చెప్పి చావవయ్యా, వేలు పడిపోతోంది!" అని వెర్లా అరిచేది. ఇప్పుడెవరరుస్తారు? గడ్డిమోపు తాడుతో మీటను బిగించి కట్టి వెనక్కి నడిచాడు. మిగతా లైట్లన్నిటికీ కరెంటు ఉంది. బ్రేకు రంధ్రంలో పెడితే మాత్రం టెస్టరు వెలగలేదు. అంటే ట్రెయిలరుకి రోగమేమీ లేదు, ట్రక్కే ఇవ్వడం లేదు.

ఫ్యూజులు చూశాడు, బాగానే ఉన్నాయి. సాకెట్టు విప్పి తుప్పు గీకాడు. మంచు కరిగిన బురదలో వెల్లకిలా పడుకుని, బ్రేకులకి కరెంటు తెచ్చే నీలం తీగ పొడుగునా తడిమాడు. పొద్దెక్కిపోతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. చివరికి స్టీరింగు కిందకి తల దూర్చి చూస్తే, నీలం తీగ కోసేసి, నల్లటేపు చుట్టి, ఇంకో స్విచ్చికి కలిపి ఉంది. ఆ టేపు చుట్టింది తనే!

"ఓరి, నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని పైకే తిట్టుకున్నాడు. వెర్లా ఉండగా చలికాలంలో ఆవిడ ట్రక్కు మెల్లగా తోలుతుంటే తను వెనక నిలబడి ఆవులకి దాణా వదిలేవాడు. ఆవిడ పోయాక, తోలుతూనే దాణా పెట్టె తెరవాల్సొచ్చింది. వెనక దాకా ఎలాగూ పోయే తీగే కదా అని, ఆ పెట్టె స్విచ్చికి దీన్ని వాడేశాడు. మంచు కరిగాక మళ్ళీ కలుపుదామనుకుని మరిచిపోయాడు. ఇద్దరి పని ఒక్కడే చెయ్యడం ఎంత బాగా నేర్చుకున్నాడో మహానుభావుడు!

తీగ కలిపి వెనక్కొస్తే టెస్టరు వెలిగింది. ట్రెయిలరు తీగ సాకెట్లో దూర్చి, చక్రం దగ్గర చెవి పెడితే లోపల బ్రేకు అయస్కాంతం సన్నగా ఝుమ్మంటోంది. "వెలిగిందే!" అని ట్రక్కు వైపు తిరిగి కేకేశాడు. లోపల ఎవరూ లేరు. బురదలో అలాగే కూలబడి ఏడ్చాడు.

అతను కొండ దిగి చేరేసరికి ముద్రలు అయిపోయాయి. దూడలు తల్లుల కోసం అరుస్తున్నాయి. జనం మాంసమూ బీన్సూ తిని లేస్తున్నారు. మార్లిస్ ఓ పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇప్పుడా రావడం? గిన్నెలు తోమడానికొచ్చావా?"

"బ్రేకులకి కరెంటు రాలేదు. మీట పట్టేవాళ్ళు లేక ఇంతసేపు పట్టింది."

"అయ్యో రాత! ఓ ఫోను కొడితే మా అమ్మాయొచ్చి పట్టుకునేది కదయ్యా. లేకపోతే నేనొచ్చేదాన్ని. ఎందుకడగలేదు?"

ఆర్విడ్ పళ్ళెం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"అడగొచ్చన్న సంగతే మర్చిపోయాను మార్లిస్."

ఆవిడ కుర్చీ లాక్కుని, అతను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది.