ఆయన పట్టిన చేప ఎంత ఉందంటే

"కేసెట్టు మా అన్నకి చేరుంటాదంటావా?" అని అడిగాడు మా ఆయన, విల్లా గేటు బయట బస్సు కోసం చూస్తూ.

"చేరితే మాత్రం? నువ్వు చెప్పింది మీ అన్న ఏనాడు నమ్మాడు గనక?" అన్నాను.

"నమ్మకపోతే మానేత్తాడు. బస్సొత్తంది, నువ్వు లోపలికెల్లు."

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. అది శుక్రవారం. మంగళవారం మీనా సల్మాన్ రేవులో గోడౌన్ దగ్గర బస్తాలు దింపుతూ కూలబడిపోయాడట. ఆసుపత్రికి చేరేలోగానే అయిపోయింది. గుండె అన్నారు. కబురు వచ్చేసరికి నేను ఇస్త్రీ చేస్తున్నాను. మేడం వచ్చి ముందు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది, ఆ తర్వాత చెప్పింది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా బావగారి మనవరాలు రాస్తోంది. ఆ కేసెట్టులో ఏముందో తెలియాలంటే చేప సంగతి చెప్పాలి.

బహ్రెయిన్‌లో ఇద్దరం ఉన్నామన్న మాటే గానీ, ఒక చోట ఉన్నది లేదు. నేను బుదైయాలో ఒక విల్లాలో ఇంటిపని. ఆయనది కూలీల క్యాంపు. శుక్రవారం వచ్చేవాడు, దగ్గరలో ఉన్న సముద్రానికి పోయి గేలం వేసుకునేవాడు. ఒక శుక్రవారం అక్కడి జాలరి ముసలాయన తన పడవ ఎక్కించుకున్నాడు. పొద్దు వాలేవేళకి మా ఆయన వెనక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, భుజం మీద చేప. హామూర్. మట్టిరంగు ఒళ్లు, దాని మీద మచ్చలు, గంపంత నోరు. చొక్కా అంతా జిగురు, పొలుసు.

"నిలబడవే, కొలుద్దాం" అన్నాడు. తోక నేలకి ఆనించి, మొప్పల్లో చెయ్యి పెట్టి, చేపని నా పక్కన నిలబెట్టాడు. దాని నోరు సరిగ్గా నా నడుముకి వచ్చింది. ఆయన నవ్వు ఇల్లంతా వినపడింది. ఫోటో తీసేవాళ్లు లేరు. సగం మేడంకి వండాను, సగం ముక్కలు కోసి క్యాంపుకి పంపాను.

ఆ పై శుక్రవారం వాళ్ల అన్నకి కేసెట్టు నింపాడు. గోదావరి పక్కన మా ఇంట్లో అప్పటికి ఫోను లేదు. ఇక్కడి మాటలు అక్కడికి, అక్కడి మాటలు ఇక్కడికి కేసెట్లలోనే తిరిగేవి. "అన్నా, హామూర్ పట్టాను. నా పెళ్లాం పక్కన నిలబెడితే భుజం దాకా వచ్చిందనుకో!" అన్నాడు. నేను గట్టిగా నవ్వేశాను, ఆ నవ్వు కూడా కేసెట్టులో పడింది. మీట నొక్కి ఆపాక, "భుజమేంటయ్యా?" అని గిల్లాను.

"నడుమంటే మా అన్న కంటికి ఆనుద్దేంటే?"

అదీ మా ఆయన. మోకాలి లోతు నీళ్లు ఆయన నోట్లో పీకలోతు అయ్యేవి. ఊళ్లో ఆయన్ని కోతలరాయుడు అనేవారు. ఆ పేరు పెట్టింది వాళ్ల అన్నే.

శవాన్ని కంపెనీ పంపింది. నా కాగితాలు తేలక ఆ విమానంలో నేను వెళ్లలేకపోయాను. తలకొరివి బావగారు పెట్టారు. అంతా అయ్యాక, చావు కబురు అందకముందు బావగారు పోస్టు చేసిన కేసెట్టు నాకు చేరింది. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని పెట్టుకున్నాను.

"ఒరే కోతలరాయుడా! భుజం దాకానా? నీ పెళ్లాం నిలబడుందా, కూకునుందా? అసలు చేపంటూ ఉందంట్రా? వచ్చేటప్పుడు దాని ముల్లన్నా పట్రా, చూసి నమ్ముతాం."

వెనక ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతున్నారు. అందులో చెడుద్దేశం లేదు. అన్నదమ్ములు ఎప్పుడూ అలాగే మాట్లాడుకునేవారు. కానీ బదులు చెప్పాల్సినవాడు బూడిదయ్యాడు. ఇంక ఆ ఇంట్లో ఆయన పేరు ఎప్పుడు వచ్చినా లేని చేపని పట్టినవాడనే అనుకుంటారు. అది నాకు మింగుడు పడలేదు.

ఆయన సామాను తెచ్చి ఇచ్చిన కుర్రాడు క్యాంపులో ఆయన పక్క మంచంవాడు, తెలంగాణ మనిషి. మీనా సల్మాన్‌లో ఫైబర్ పడవలు చేసే షాపులో పని. పెద్ద చేప పట్టిన షావుకార్లు అచ్చం అలాంటిదే ఫైబర్‌తో చేయించుకుని గోడకి పెట్టుకుంటారని, అవి కూడా తానే చేస్తానని చెప్పాడు. కేసెట్టు సంగతీ, నా మనసులో మాటా చెప్పాను.

"నేను జేస్త వదినా. గిదేం పెద్ద పని?" అన్నాడు.

శుక్రవారం షాపుకి తీసుకెళ్లాడు. జిగురు వాసనకి కళ్లు మండాయి. హామూర్ అచ్చులు రెండు నేల మీద పెట్టాడు.

"ఇది నీ నడుముకొస్తది, అది భుజానికొస్తది. అన్న భుజమన్నడు గద, పెద్దదే జేస్త. పోయినోని మాట నిలబెట్టాలె."

"అది నడుముకే వచ్చింది తమ్ముడూ."

"ఎవలకెర్క వదినా? క్యాంపోళ్లు ముక్కలే జూసిండ్రు. నీకు, నాకే ఎర్క."

పెద్ద అచ్చు పక్కన నిలబడ్డాను. నిలబెడితే బావగారి గుమ్మం నిండిపోతుంది. ఇంకెవరూ నోరెత్తరు. ఆశ పుట్టింది, ఎందుకు దాచాలి? కానీ దాన్ని భుజాన వేసుకుని మా ఆయన గుమ్మంలోకి రావడం ఎంత తలుచుకున్నా కంటికి కట్టలేదు. అంత చేపని ఒక్క మనిషి మోయలేడు.

"ఇది ఎవడో పట్టిన చేప. నాకు చిన్నదే చెయ్యి" అన్నాను.

"ఆళ్లు నవ్వుతరు."

"నవ్వనీ. పట్టిందాన్ని చూసి నవ్వినా సరే, పట్టనిదాన్ని మాత్రం నేను మోసుకెళ్లను."

రంగులు నన్ను అడిగి వేశాడు. తోక కొసన ఒక ముక్క లేదు, ఏదో కొరికేసింది. అది కూడా అలాగే కోయించాను.

నా కాగితాలు తేలాక, దుప్పట్లో చుట్టి ఊరికి తెచ్చాను. బావగారే విప్పారు. మా తోటికోడలు, పిల్లలు చుట్టూ మూగారు. "నీ పక్కన పెట్టమ్మా" అన్నారు బావగారు. నిలబెట్టాను. నడుముకి వచ్చింది.

"భుజమన్నాడుగా?"

"అన్నాడు బావగారూ. నడుమంటే మీకు ఆనదని అలా అన్నాడు."

ఆయన కింద కూలబడ్డారు. "ఎందుకానదమ్మా? ఇంత చేపని నేనెప్పుడన్నా పట్టానా? ఎదవ, నడుమని చెప్తే చాలదా?" అంటూ తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.

చేపని నడవలో ఆయనే మేకులు కొట్టి తగిలించారు. ఆ తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా, "మా తమ్ముడు పట్టాడు. అసలుది ఇంతకంటే పెద్దదే, చేసినోడు తగ్గించేశాడు" అని చెప్పేవారు. నేను వంటింట్లోంచి, "తగ్గించలేదు, నడుమే" అని కేకేసేదాన్ని. ఆయన పోయేదాకా మా ఇద్దరికీ అదే పేచీ.

పిల్లా, నువ్వూ ఆ ఇంట్లో పుట్టినదానివే. చేప ఎంత ఉందని రాశావో నాకేం తెలుసు? మొదటి నుంచీ చదువు, వింటాను.