జాను చెంప మీద అయిదు వేళ్లు

గాలి, ధూళి, దయ్యం అని ఎవరైనా మొదలుపెడితే నేను ముఖం మీదే నవ్వేదాన్ని. గాలి సోకిందన్నవాళ్లకు ఫ్యాను తగ్గించుకోమని చెప్పేదాన్ని. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

మేముండేది నంద్యాలలో. పోయిన చలికాలం మా మూడేళ్ల జానును తీసుకుని ఆళ్లగడ్డలో అత్తగారింటికి వెళ్లాం. అక్కడ స్నానానికి నీళ్లు కాచేది హీటర్ రాడ్డుతో. ఇనుప బకెట్‌లో రాడ్డు పెట్టి, స్విచ్ వేసి, బాత్రూం తలుపు దగ్గరకు లాగి మిద్దె మీద బట్టలు ఆరేయడానికి వెళ్లాను. గొళ్లెం పెట్టాననే అనుకున్నాను.

పక్క మిద్దె మీద షాహీనక్క ఉంటే మాటల్లో పడ్డాం. ఉన్నట్టుండి కింద నుంచి చెంప ఛెళ్లుమన్న చప్పుడు. వెంటనే జాను కేక.

పరుగున దిగాను. పాప బాత్రూం గడప ఇవతల వెల్లకిలా పడి ఉంది. పెదవి చిట్లి రక్తం గౌను మీదికి కారుతోంది. ఎడమ చెంప మీద అయిదు వేళ్లూ వాతల్లా తేలాయి.

ఇంట్లో ఉన్నది అత్త ఒక్కతే. నాకు ఒళ్లు తెలియలేదు. వంటింట్లోకి దూరి, ఆమె రెట్ట పట్టుకుని గోడకేసి నెట్టాను. పిండి పళ్లెం ఎగిరిపడింది.

"నేనెందుకు కొడ్తానే? ఈడ రొట్టెలు చేస్తాండా, కండ్లు కనపళ్లేదా నీకు?" అని అరిచింది అత్త.

ఆమె చేతులకు మణికట్టు దాకా జొన్నపిండి. పాప చెంప మీద పిండి మరకే లేదు.

మా అరుపులకు వీధిలోంచి మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. బాత్రూంలోకి తొంగిచూసి, అనుమానమొచ్చి టెస్టర్ తెచ్చి బకెట్‌కు ఆనించాడు. టెస్టర్‌లో లైటు వెలిగింది. బకెట్ నిండా కరెంటు! జాను ఇంకొక్క అడుగు వేసి ఉంటే మాకు బిడ్డ దక్కేది కాదు.

నేను ఎత్తుకోబోతే అది నన్ను తన్ని వాళ్ల నాయన మెడ పట్టుకుంది.

"ఎవురు కొట్నారు తల్లీ?" అని ఆయన అడిగాడు.

"అమ్మ కొట్టె" అని నా వైపు వేలు చూపించింది.

నా కుడి అరచెయ్యి మండుతోందని అప్పుడు తెలిసింది. చూస్తే ఎర్రగా కందిపోయి ఉంది. దాన్ని ఆ వాతల పక్కన పెట్టాను. వేలికి వేలు సరిపోయింది. షాహీనక్క మాత్రం నేటికీ ఒట్టేసి చెబుతుంది, జాను కేక వినపడేదాకా నేను తన ఎదుటి నుంచి కదల్లేదని.

ఎలా జరిగిందో నాకు అంతు చిక్కలేదు. జడ వేద్దామని చెయ్యి ఎత్తినా జాను మొహం దాచుకుంటుంది. నేను కొట్టలేదే అని చెప్పబోయి ఆగిపోతాను. కొట్టకపోయుంటే ఈ జడ ఎవరికి వేసేదాన్ని?