శిఖరం కింద నుంచి వెనక్కి తిరిగిన రోజు

మా బేస్‌మెంట్ అంకుల్ పోయారు. ఆదివారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. విన్నాక ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

కెనడాలోని ఎడ్మంటన్‌లో నేను చదువుకున్న రెండేళ్లూ వాళ్లింట్లోనే అద్దెకున్నాను. ఆయన రిటైరైన ఇంజినీరు. మన విద్యార్థులు గుంపులుగా దిగుతున్న రోజులవి, ఒక గది దొరకడమే గగనం. నాతో కలిపి ముగ్గురు అమ్మాయిలకి ఇంటి కింది బేస్‌మెంట్ ఇచ్చారు. రోజూ మెట్ల మీంచి "తిన్నారా?" అని కేకేసేవారు. జవాబు రాకపోతే పప్పు గిన్నె దిగేది.

రెండో సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోయాయి. స్టడీ పర్మిట్ ఏమవుతుందోనని భయం. ఇంటికి వెళ్లిపోతానన్నాను. ఆయన వాదించలేదు.

"శనివారం జాస్పర్ వెళ్దాం. కొండలు చూడకుండా పోతావా? టికెట్ ఆదివారం బుక్ చేద్దువుగాని."

నాలుగు గంటలు డ్రైవ్ చేశారు. అక్కడి నేషనల్ పార్కులో చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాం. ఆపైన రాళ్లు, మంచు, తలెత్తితే శిఖరం. దాని కింది కనుమ దాకా ఎక్కాలని నా పంతం. ఇంకాస్త దూరముందనగా మబ్బు దిగింది. ఆయన ఒక బండ మీద కూర్చుండిపోయారు.

"ఇక దిగుదామమ్మా."

"ఇక్కడ కూడా సగంలోనే ఆపేయాలా అంకుల్?" అని అరిచాను.

"దారి కనపడట్లేదు. మళ్లీ వద్దాంలే," అన్నారు మెల్లగా.

ఆ ఆదివారం నేను టికెట్ బుక్ చేయలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. పోయిన సబ్జెక్టులు మళ్లీ రాసి పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, ఊరు మారాను. కొండకి మాత్రం మళ్లీ వెళ్లలేదు.

అంత్యక్రియలయ్యాక ఆంటీ నా పక్కన కూర్చుని అన్నారు: "ఆ ఏడాదే గుండెకి స్టెంట్ వేశారమ్మా. ఎత్తులెక్కొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కార్లోంచి చూపించి తెస్తానని నాతో చెప్పి వెళ్లారు."

అప్పట్నుంచి నాకేమీ తెలియట్లేదు. ఆయన్ని ఆపింది మబ్బా, గుండెనొప్పా? ఊపిరాడని మనిషి మీదేనా నేను అరిచింది? తెలిసుంటే ఎక్కనిచ్చేదాన్ని కాదు. ఎక్కకపోతే బహుశా ఇక్కడ ఉండేదాన్నీ కాదు. కృతజ్ఞత చెప్పబోతే కోపం వస్తోంది, కోప్పడబోతే ఏడుపొస్తోంది.

దిగేటప్పుడు ఆయనే ముందు నడిచారు. రాళ్లు జారే ప్రతిచోటా, తల తిప్పకుండా, చెయ్యి మాత్రం వెనక్కి చాచేవారు. నేను పట్టుకునేదాన్ని. ఆ వేళ్లు చల్లగా, కాస్త వణుకుతూ ఉండేవి. చలికేమో అనుకున్నాను. నాకు ఆసరా ఇస్తున్నారనే అనుకున్నాను.