పదిమందికే బొట్టు

కంఠేశ్వర్‌లో మేముండేది మేడమీది రెండు గదులు. బిడ్డకు ఏడేళ్లు నిండుతున్నాయి, క్లాసులో ముప్పై ఎనిమిది మంది. పుట్టినరోజుకు అందరినీ పిలుద్దామన్నాడు మా ఆయన. ఆయనదేం పోయింది, చాకిరీ నాది కదా! పది అంటే పది అన్నాను. నాకు కోపం వస్తే మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు.

బిడ్డ నా పక్కన కూర్చుని పేర్లు రాసింది. పదకొండో పేరు నేనే కొట్టేశాను. బోధన్ నుంచి ఏడాది నడుమ వచ్చి చేరిన పిల్లది. నీకంత దోస్తేం కాదు కదా అన్నాను. బిడ్డ తల వంచుకుంది.

ఆ వారమే మా అత్తమ్మ రుద్రూర్ నుంచి వచ్చింది. వచ్చిన పూటే కుంకుమ భరిణె పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్లన్నీ తిరిగింది. బొట్టు పెట్టి పిలవనిదే అది పిలుపే కాదని ఆమె పట్టు. బిడ్డ ఆమె కొంగు పట్టుకుని ప్రతి గడపా ఎక్కింది. మర్నాడు ఆ భరిణె బడిసంచిలో పెట్టుకుని పోయిందని మాకెవరికీ తెలియదు.

సాయంత్రం టీచర్ ఫోన్ చేసింది, క్లాసంతా ఎర్రటి నొసళ్లేనని నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. బిడ్డ ఆటో దిగీ దిగకముందే పట్టుకున్నాను. వేళ్లకు, యూనిఫాంకు అంతా కుంకుమే. పదిమందికి చెప్పమంటే ఊరందరికీ చెబుతావా అని అరిచాను.

"నేను పదిమందికే పెట్టిన అమ్మా," అంది. "మిగిలినోళ్లు అచ్చి నొసలు చూపించిండ్రు."

మగపిల్లలు కూడా వెంట్రుకలు పైకి పట్టుకుని వరుసగా నిలబడ్డారట. రానీ, అందరూ రానీ అనుకున్నాను. అంతలో బిడ్డ ఏడుపు అందుకుంది. ఆఖరున ఒక్కరి దగ్గరికి వచ్చేసరికి కుంకుమ అయిపోయిందట. ఆ ఒక్కరూ బోధన్ పిల్లే.

"అమ్మ దాని పేరు కొట్టేసింది గద, గందుకే అయిపోయిందా నానమ్మా?"

అత్తమ్మ లోపలికి పోయింది. భరిణె నింపి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే పోయి పెట్టాలె," అంది.

ఆ పిల్ల ఇల్లు ఎక్కడో బడి ఆటో అతను చెప్పాడు, బిడ్డను వెంటబెట్టుకుని పోయాను. గల్లీ చివర రేకుల ఇల్లు. గడప దగ్గర వాళ్లమ్మ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎందుకొచ్చామో చెప్పాను. ఆమె చేట దించి లేచేలోగా లోపలి నుంచి పిల్ల వచ్చింది. భరిణె వంక చూసింది. నొసటి మీది స్టిక్కర్ తీసి తలుపుకు అంటించి, నా ముందు కళ్లు మూసుకుని నిలబడింది.

నా తెలివి మీద మన్నువొయ్య అనుకుంటూ ఆ చిన్న నొసట బొట్టు పెట్టాను. తర్వాత వాళ్లమ్మకు పెట్టాను. ఇంటిల్లిపాదీ రావాలని చెప్పాను. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో అడగలేదు.