పూత లేని నాలుక

దగ్గు తగ్గకపోతే ఉద్యోగం నిలవదని నాకు తెలుసు. ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్ అనే ఊళ్లోని ఒక బీమా కంపెనీలో ఫోన్ మీద సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇవ్వడం నా పని. మాట మధ్యలో దగ్గు అందుకునేది. అవతలివాళ్లు వేరే ఇంజినీర్ ఉన్నారా అని అడిగేవారు. ప్రొబేషన్ ముగియబోతోంది. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది.

ఇక్కడ జీపీ అనే ఫ్యామిలీ డాక్టరు, ఇది వైరస్ అన్నారు. తేనె, వేడినీళ్లు, విశ్రాంతి. ఆకులు రాలేటప్పుడు పట్టిన జలుబు, క్రిస్మస్ దీపాలు తీసేశాక కూడా వదల్లేదు. చివరికి టౌన్ సెంటర్ వెనక వీధిలో ఉన్న చైనీస్ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను.

డాక్టరు ముందు నోరు తెరవాలి కదా అని ఆ ఉదయం నాలుక మామూలుకంటే గట్టిగా గీసుకున్నాను. ఆవిడ లైటు వేసి చూసి, పెదవి విరిచింది. తెల్లటి పూత ఉంటే చలి, పసుపు ఉంటే వేడి, అసలు లేకపోతే ఒంట్లో సత్తువ లేనట్టట. నా నాలుక మీద గీతలు తప్ప ఏమీ లేవు. వారంపాటు గీయకుండా రమ్మంది.

ఇంట్లో గది పంచుకునే వరంగల్ కుర్రాడికి వెక్కిరించడానికి ఇది దొరికింది. "నాలుక గీక్కోకుండ మీటింగుల కూసుంటవా అన్నా? కెమెరా బంద్ పెట్టు, వాసన అటు పోతది."

వారం తర్వాత కూడా నాలుక నున్నగా, ఎర్రగానే ఉంది. తప్పు గీయడంలో లేదు.

ఆవిడ నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ, జలుబు పట్టిన మొదటిరోజు గురించి అడిగింది. చలి వేసిందా? చెమట పట్టిందా? ముక్కు నీళ్లలా కారిందా? నాకు గుర్తులేదు. సర్వర్ పడిపోతే మొదటి ఎర్రర్ ఎక్కడొచ్చిందో వెతికేవాణ్ణి. నా జలుబు మొదలైన రోజు మాత్రం పారాసిటమాల్ వేసుకుని లాగిన్ అయ్యాను.

"మొదట్లో జలుబు చర్మం దగ్గరే ఉంటుంది, చెమటతో పంపేయొచ్చు," అంది. "ఇప్పుడు చెమట పట్టిస్తే మీలో మిగిలిన బలం పోతుంది. నయమవడానికి నెలలు పడుతుంది."

నా ప్రొబేషన్ రివ్యూ ఆ శుక్రవారమే.

వీడియోలో మేనేజరు ఒంట్లో ఎలా ఉందని మర్యాదగా అడిగారు. బాగానే ఉందని చెప్పబోతుంటే దగ్గొచ్చింది. మ్యూట్ నొక్కాను. మళ్లీ మైక్ తెరిచేసరికి ఆయన హెచ్ఆర్ నుంచి వచ్చే మెయిల్ గురించి చెబుతున్నారు.

ఆ సాయంత్రం వైద్యురాలు ఇచ్చిన మూలికలు మరగబెడుతుంటే వరంగల్ కుర్రాడు ఏమీ వెక్కిరించలేదు. వాసన పోవడానికి కిటికీ తెరిచాడు. చలిగాలి లోపలికి రాగానే నా వైపు చూసి, మళ్లీ మూసేశాడు.