సాంచాలు ఆగిన పది నిమిషాలు

బీపీ పట్టీ ఊడదీసేటప్పుడు చర్రుమని చప్పుడవుతుంది. ఈ సాయంత్రం మా బాపు నా చేతి పట్టీ తీస్తుంటే ఆ చప్పుడుకి నా ఐదు నెలల పాప ఉలిక్కిపడింది. నాకు లచ్చవ్వత్త గుర్తొచ్చింది. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను.

మేం వలస వచ్చిన నవాగామ్‌లో మా పక్క గది ఆమెది. కరెంటుతో బట్ట నేసే సాంచాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. భర్త మా బాపు పక్కనే సాంచాలు నడిపేవాడు. కాళ్లు వాస్తే, రోజంతా నిలబడే పని కదా అనుకున్నాడు. ఒళ్లు నొప్పులకు షాపులో గోళీలు కొని మింగాడు. ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. కిడ్నీలు ఎప్పుడో చెడ్డాయనీ, అలాంటివాళ్లలో చాలామందిని ముందు గుండే తీసుకుపోతుందనీ డాక్టరు చెప్పాడట. బీపీ, షుగరు, తంబాకు గుండెనీ కిడ్నీలనీ కలిపే పాడుచేస్తాయనీ, మనిషికి మాత్రం ఏమీ తెలియదనీ అన్నాడట. ఏడో తరగతి దాటని ఆమె ఆ తర్వాత ఆరు నెలలు, ప్రతి ఆదివారం ఒక నర్సు దగ్గర కూర్చుని బీపీ చూడడం నేర్చుకుంది.

తీరా కార్ఖానాలో అందరికీ చూడబోతే సాంచాల మోతలో నాడి వినిపించదు. పని వదిలి బయటికి ఎవరూ రారు. రోజుకు పది నిమిషాలు సాంచాలు ఆపమని సేఠ్‌ను అడిగితే నవ్వాడు. ఆమె వాదించలేదు, ముందు మీ చెయ్యి ఇవ్వండి అంది. ఆఫీసు గదిలో ఆయన బీపీ చూసి, వచ్చిన అంకె చెప్పింది. ఆయన లేచి తనే మెయిన్ స్విచ్ కట్టేశాడు.

డిగ్రీ చదువుతున్న నన్ను పేర్లు రాయడానికి తీసుకెళ్లింది. పుట్టినప్పటి నుంచి ఆ మోత వింటున్నాను. కరెంటు ఉండగా అది ఆగడం అదే మొదటిసారి. అంతమంది మగవాళ్లు ఊపిరి బిగబట్టి ఒక్క మనిషి వినడం కోసం నిలబడ్డారు. రోజుకో వరుస చూస్తూ, ప్రతి వరుసలో ఒకరిద్దరి పేర్ల పక్కన గుర్తు పెట్టించింది. వాళ్లలో ఎవరూ అప్పటిదాకా జబ్బుమనుషులు కారు.

బాపు వెనక్కి జరిగాడు. "నాకేం నొప్పి లేదు చెల్లె, దున్నపోతు లెక్క ఉన్న."

"నొప్పుంటే నేనెందుకన్నా, నువ్వే ఉరుకుతవ్ దవఖానకు. లేదనే వచ్చిన. జర చెయ్యి ఇయ్యి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రెండుసార్లు విని, మెల్లగా నాతో అంది, "రాయి బిడ్డా. మూత్రం పరీక్ష."

పరీక్షలో ప్రోటీన్ పోతున్నట్టు, కిడ్నీలు దెబ్బతినడం మొదలైనట్టు తేలింది. మందులు మొదలయ్యాయి, తంబాకు పోయింది, కూరలో ఉప్పు తగ్గింది. పదేళ్లయింది. బాపు కిడ్నీలు ఇంకా పనిచేస్తున్నాయి. పోయినేడు అత్త పోయింది. ఆమె బీపీ మిషన్ బాపు దగ్గరికి వచ్చింది.

కడుపుతో ఉన్నప్పుడు నాకు బీపీ పెరిగింది. కాన్పయ్యాక మూత్రం, రక్తం పరీక్ష చేయించుకోమన్నారు. నాకేమైనా ఉందని తేలితే పాప గతేమిటన్న భయంతో మూత్రం పట్టడానికి ఇచ్చిన సీసా మూడు వారాలుగా అల్మారాలోనే ఉంచాను. ఈరోజు బాపు అడిగితే, "నాకేం నొప్పి లేదు బాపూ" అన్నాను.

ఆయన మిషన్ తెచ్చాడు. టీవీ ఆపాడు. ఫ్యాను ఆపాడు. కార్ఖానా వైపు కిటికీ మూశాడు. కళ్లు మూసుకుని, రెండుసార్లు విన్నాడు.

తర్వాత సీసా తెచ్చి నా దిండు పక్కన పెట్టాడు. అది అక్కడే ఉంది. తెల్లారి లేవగానే మొదటి పని అదే.